కొండదారి జీపుకు కొత్త క్లచ్

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రాలు నిత్యజీవితంలో భాగమైపోయాయి. వాటిని వాడడం తెలిసినంతగా వాటి తత్త్వం మనకు తెలియదు. ఒక చిన్న యంత్రభాగాన్ని మార్చవలసి వచ్చినప్పుడు ఏది ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకోవాలి అనే విషయాన్ని హేతుబద్ధంగా ఆలోచించే అలవాటు విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని మన పెద్దలు హెచ్చరించారు. అయితే అడుసు తొక్కక తప్పనివారు లోకంలో చాలామంది ఉన్నారు. విశాఖ మన్యంలో తారు రోడ్డు ఆగిపోయిన చోట మొదలయ్యే మట్టిబాటలు, వానాకాలంలో పొంగే గెడ్డలు, రాళ్ళు తేలిన ఎత్తులు అక్కడి ప్రజలకు విహారస్థలాలు కావు. అవే వారి రాజమార్గాలు. వారపు సంతకు వెళ్ళే గిరిజనుడు పసుపు, రాజ్మా, మిరియాల మూటలతో ఎక్కేది జీపే. బొర్రా గుహల నుంచి కటికి జలపాతం వైపు యాత్రికులను తీసుకువెళ్ళేదీ జీపే. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీలో మోసుకు వచ్చిన నలుగురు మనుషులు ఆ డోలీని దించి, ఆశగా ఎదురుచూసేదీ చాలాసార్లు జీపు కోసమే. డోలీ ప్రయాణం ముగిసిన చోట జీపు ప్రయాణం మొదలవుతుంది.

అటువంటి జీపు ఎత్తు మధ్యలో ఆగిపోతే? ఇంజను గర్జిస్తూనే ఉంటుంది, చక్రం మాత్రం తిరగదు. కాలిన వాసన గుప్పుమంటుంది. "క్లచ్ పోయింది" అంటాడు డ్రైవరు. ఆ రెండు మాటలలో ఒక కుటుంబం ఆదాయమే కాదు, ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణం కూడా ఇమిడి ఉంటుంది. అందుచేత క్లచ్ అంటే ఏమిటో, దానిని మార్చవలసి వచ్చినప్పుడు దేనిని ఎంచుకోవాలో తెలుసుకోవడం కేవలం మెకానిక్‌ల విద్య కాదు. అది వివేకానికి సంబంధించిన విషయం.

క్లచ్ చేసే పని

ఇంజను ఒకసారి మొదలైతే తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం మన అవసరాన్ని బట్టి ఆగాలి, కదలాలి. తిరిగేదానికీ ఆగినదానికీ మధ్య స్నేహం కుదిర్చే మధ్యవర్తి క్లచ్. ఇంజను క్రాంక్‌షాఫ్టు చివర ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేటు ఉంటుంది. ఈ రెండింటి నడుమ, రెండు వైపులా ఘర్షణ పదార్థం అతికిన క్లచ్ ప్లేటు ఉంటుంది. ఈ ప్లేటు గేర్ బాక్సు షాఫ్టు మీది పళ్ళ గాడులలో అమరి ఉంటుంది. ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు, క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు గట్టిగా అదిమి పట్టినంతసేపు మూడూ ఒక్కటై తిరుగుతాయి. డ్రైవరు పెడలు తొక్కగానే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి స్ప్రింగును నొక్కుతుంది. అప్పుడు పట్టు సడలి, ప్లేటు స్వేచ్ఛ పొందుతుంది. పాదాన్ని మెల్లగా వదిలినప్పుడు ప్లేటు కొద్దిసేపు జారుతూ, క్రమంగా పట్టుకుంటుంది. ఆ జారుడు వల్లనే బండి కుదుపు లేకుండా కదులుతుంది.

ఘర్షణ పదార్థం చరిత్రకు కొండదారులతోనే సంబంధం ఉండడం విశేషం. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండప్రాంతంలో గుర్రపు బండ్ల చెక్క బ్రేకు దిమ్మెలకు పాత బూట్ల తోలు బిగించి దిగడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే వ్యక్తి గమనించాడు. దాని కంటె మేలైన పదార్థం కోసం కృషి చేసి 1897లో బ్రేకు లైనింగుల తయారీకి శ్రీకారం చుట్టాడు. ఆయన నెలకొల్పిన సంస్థే ఫెరోడో. కొండ దిగే బండివాడి అవసరమే ఒక శాస్త్రానికి దారి చూపింది.

వేడి అనే శత్రువు

క్లచ్‌ను అరగదీసేది దూరం కాదు, వేడి. ఒకే రకం క్లచ్ చదునైన రహదారి మీద లక్ష కిలోమీటర్లు నడవవచ్చు. కొండదారిలో అందులో నాలుగో వంతు కూడా నడవకపోవచ్చు. కారణం తేలికగానే లెక్కకట్టవచ్చు. ఎత్తు మీద ముందు బండి ఆగింది. మన డ్రైవరు బ్రేకు వేయకుండా, హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెట్టాడనుకుందాం. ఇంజను నిమిషానికి 1,500 సార్లు తిరుగుతోంది. ప్లేటు కదలడం లేదు. బండి వెనక్కు జారకుండా ఆపడానికి క్లచ్ 100 న్యూటన్ మీటర్ల భ్రమణ బలాన్ని మోస్తోంది. భ్రమణ బలాన్నే యంత్రకారులు టార్కు అంటారు. నిమిషానికి 1,500 భ్రమణాలంటే సెకనుకు 157 రేడియన్లు. రెండింటినీ గుణిస్తే 15,700 వాట్లు. అంటే నీళ్ళు కాచుకొనే 1,500 వాట్ల హీటర్లు పదింటిని ఒకేసారి ఆ చిన్న గూటిలో వెలిగించినట్లు. పది సెకన్లలో పుట్టే ఆ వేడి అర లీటరు నీటిని మరిగించడానికి చాలుతుంది. ఈ వేడి అంతా పలుచని ఘర్షణ పొర మీద, ఆ పక్కనున్న ఇనుము మీద పడుతుంది. బండి ఒక్క అడుగు కదలకుండానే క్లచ్ ఆయుష్షు కరిగిపోతుంది.

వేడెక్కిన కొద్దీ లైనింగులోని జిగురు పదార్థం మెత్తబడుతుంది, పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే మరింత జారుతుంది. జారితే మరింత వేడి పుడుతుంది. ఇది విషవలయం. దీని నుంచి బయటపడడం ఎలాగన్నదే కొత్త క్లచ్ ఎంపికలోని అసలు ప్రశ్న.

ముందు రోగ నిర్ధారణ

వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. క్లచ్ విషయంలోనూ అంతే. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అవివేకం. పెడలు ఆట సరిగా లేకపోవడం, కేబులు బిగిసిపోవడం, హైడ్రాలిక్ గొట్టంలో గాలి చేరడం వంటి చిన్న లోపాలను చూసి క్లచ్ చెడిపోయిందని భ్రమించేవారు ఉన్నారు.

లక్షణాలను మూడు విధాలుగా విభజించుకోవచ్చు. మొదటిది జారడం. చదును దారిలో పై గేరులో నిదానంగా వెళ్తూ యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కినప్పుడు ఇంజను వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే, క్లచ్ జారుతున్నదని అర్థం. రెండవది వదలకపోవడం. పెడలు పూర్తిగా తొక్కినా గేరు కరకరమంటూ పడితే, ప్లేటు వంకర పోయి ఉండవచ్చు. లేదా పెడలు నుంచి వచ్చే ఒత్తిడి బేరింగును చేరకపోవచ్చు. మూడవది వణుకు. కదిలేటప్పుడు బండి అంతా కంపిస్తే లైనింగుకు నూనె అంటి ఉండవచ్చు. ఫ్లైవీలు మీద వేడికి మచ్చలు ఏర్పడి ఉండవచ్చు. ఇంజను మౌంటింగులు చివికి ఉండవచ్చు. పెడలు తొక్కినప్పుడు మాత్రమే కీచుమనే శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి.

నూనె అంటిన ప్లేటును మార్చి, నూనె కారే సీలును మార్చకుండా విడిచిపెట్టడం అన్నిటికంటె ఖరీదైన పొరపాటు. కొత్త ప్లేటు కూడా కొద్దికాలంలోనే పాతదాని దారి పడుతుంది. ప్లేటు అరిగింది అన్నది ఫలితం. ఎందుకు అరిగింది అన్నది ప్రశ్న. దానికి సమాధానం దొరికిన తరువాతనే దుకాణం వైపు అడుగు వేయాలి.

ఎంత పట్టు కావాలి?

క్లచ్ ఎంత బలాన్ని జారకుండా మోయగలదో తెలిపే సూత్రం సరళమైనది. ఘర్షణ గుణకాన్ని, స్ప్రింగు అదిమే బలాన్ని, లైనింగు సగటు వ్యాసార్ధాన్ని గుణించి, ప్లేటుకు రెండు ముఖాలు ఉన్నాయి గనుక దానిని రెట్టింపు చేయాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. లైనింగు వెలుపలి వ్యాసం 240 మి.మీ., లోపలి వ్యాసం 160 మి.మీ. అనుకుంటే సగటు వ్యాసార్ధం 100 మి.మీ., అనగా 0.1 మీటరు. స్ప్రింగు బలం 6,000 న్యూటన్లు, ఘర్షణ గుణకం 0.3 అయితే క్లచ్ సామర్థ్యం 360 న్యూటన్ మీటర్లు అవుతుంది.

ఇప్పుడు దీనిని ఇంజనుతో పోల్చి చూడాలి. 2010లో వచ్చిన మొదటి తరం మహీంద్రా థార్‌లోని సి.ఆర్.డి.ఇ. డీజిల్ ఇంజను గరిష్ఠ టార్కు 247 న్యూటన్ మీటర్లు. మన ఊహా క్లచ్ దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు మోయగలదు. ఇంజను టార్కు కంటె క్లచ్ సామర్థ్యం ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు ఉండడం సాధారణంగా వాహన నిర్మాతలు పాటించే మర్యాద. ఆ అదనపు భాగం వృథా కాదు; అది కష్టకాలానికి దాచుకున్న ధాన్యం వంటిది. వేడికి ఘర్షణ గుణకం 0.3 నుంచి 0.2కు పడిపోయిందనుకుందాం. సామర్థ్యం 240కి దిగుతుంది. ఇంజను పూర్తి బలం ప్రయోగిస్తే అప్పుడు జారడం మొదలవుతుంది. నూనె అంటి గుణకం 0.15 అయితే సామర్థ్యం 180 మాత్రమే. ఎంత మంచి క్లచ్ అయినా నూనె ముందు ఎందుకు ఓడిపోతుందో ఈ అంకెలే చెబుతాయి.

ఇంజను ఒకటే చూస్తే చాలదు. చక్రాలను కూడా చూడాలి. కొండదారుల కోసం పెద్ద టైర్లు వేయించుకోవడం ఈనాడు పరిపాటి అయింది. 1985లో మన దేశంలో ప్రవేశించిన మారుతి జిప్సీ వంటి తేలిక వాహనానికి 205/70 ఆర్ 15 టైరు బదులు 235/75 ఆర్ 15 టైరు వేస్తే, చక్రం వ్యాసం సుమారు 668 మి.మీ. నుంచి 733 మి.మీ.కు పెరుగుతుంది. అంటే పది శాతం. అదే ఎత్తును అదే బరువుతో ఎక్కడానికి క్లచ్ మోయవలసిన బలం కూడా పది శాతం పెరుగుతుంది. పైన సామాను పెట్టె, ముందు ఇనుప బంపరు, వించి, ఇంకా నలుగురు మనుషులు చేరితే ఆ భారం మరింత హెచ్చుతుంది. కాబట్టి "ఏ బండికి?" అన్న ప్రశ్నతో పాటు "ఆ బండి ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? ఏ పని చేస్తుంది?" అన్న ప్రశ్నలు కూడా వేసుకోవాలి.

లైనింగులలో రకాలు

సామర్థ్యాన్ని పెంచడానికి మూడే మార్గాలు: వ్యాసార్ధం పెంచడం, స్ప్రింగు బలం పెంచడం, ఘర్షణ గుణకం పెంచడం. వ్యాసార్ధం పెంచడానికి ఫ్లైవీలులో చోటుండాలి. ఇక మిగిలినవి రెండు. మూడవ మార్గం లైనింగు పదార్థానికి సంబంధించినది.

ఆర్గానిక్ లైనింగు అన్నది ఎక్కువ వాహనాలలో కంపెనీ నుంచే వచ్చేది. గాజు నార వంటి పోగులు, రెసిన్ జిగురు, కొన్నింటిలో రాగి లేదా ఇత్తడి తీగ కలిపి దీనిని తయారుచేస్తారు. ఇది మెత్తగా పట్టుకుంటుంది, ఫ్లైవీలును గాయపరచదు, ధర అందుబాటులో ఉంటుంది. మితిమీరిన వేడికి పట్టు కోల్పోవడం దీని బలహీనత. అయితే మరీ కాలిపోనంతవరకు చల్లారిన తరువాత చాలావరకు కోలుకుంటుంది.

కెవ్లార్ అనే కృత్రిమ నారతో చేసినది రెండవ రకం. ఇది కూడా మెత్తగానే పట్టుకుంటుంది, చాలాకాలం మన్నుతుంది. కాని ఆరంభంలో ఎక్కువ దూరం ఓపికగా నడిపి దీనిని ఒదిగేటట్లు చేయాలి. ఒక్కసారి విపరీతంగా వేడెక్కి పై పొర నునుపు దేరితే మళ్ళీ పూర్వపు పట్టు రావడం కష్టం.

మూడవది సిరామిక్ రకం. లోహపు పొడి, సిరామిక్ కలిసిన చిన్న బిళ్ళలను ప్లేటు చుట్టూ బిగిస్తారు. తీవ్రమైన వేడిని తట్టుకోవడంలో దీనికి సాటి లేదు. అందుకే పోటీలలో పాల్గొనే వాహనాలకు, బరువైన యంత్రాలకు దీనిని వాడతారు. కాని దీని స్వభావం దుడుకు. మెల్లగా జారి పట్టుకోవడం దీనికి చేతకాదు, ఠక్కున పట్టేస్తుంది. తడి రాళ్ళ మీద బండి అంగుళం అంగుళం కదలవలసిన చోట ఈ దుడుకుతనం ప్రమాదకరం. చక్రం ఒక్కసారిగా తిరిగి పట్టు తప్పుతుంది. లోయ అంచున ఉన్న బండికి ఒక్క కుదుపు చాలు. ఫ్లైవీలు కూడా త్వరగా అరుగుతుంది.

ప్లేటు మధ్యభాగంలోని చిన్న స్ప్రింగులను కూడా గమనించాలి. ఇంజను ఒకే తీరుగా తిరగదు. ఒక్కొక్క సిలిండరు మండినప్పుడల్లా చిన్న విసురుతో తిరుగుతుంది. డీజిల్ ఇంజనులో ఆ విసురు మరీ ఎక్కువ. దానిని మింగి, గేర్ పళ్ళను కాపాడేవి ఈ స్ప్రింగులే. స్ప్రింగులు లేని ప్లేటు గట్టిగా ఉన్నట్లు కనబడినా, నిత్యం తిరిగే డీజిల్ జీపుకు తగినది కాదు.

అతి పట్టు అనర్థం

ఇక స్ప్రింగు బలం సంగతి. "గట్టిది వేస్తే ఇక జన్మలో చూడనక్కరలేదు" అని ఆశపడేవారు చాలామంది. స్ప్రింగు బలం పెంచితే సామర్థ్యం పెరిగే మాట నిజమే. కాని పెడలు నిర్మాణం మారనప్పుడు ఆ స్ప్రింగును నొక్కవలసిన పాదానికి భారం కూడా పెరుగుతుంది. ఘాట్ రోడ్డులో రోజుకు కొన్ని వందల సార్లు క్లచ్ తొక్కే డ్రైవరుకు ఇది చిన్న విషయం కాదు. అలసిన పాదం మెల్లగా వదలలేదు, గభాలున వదిలేస్తుంది. కేబులు మీద, హైడ్రాలిక్ సిలిండరు మీద, క్రాంక్‌షాఫ్టును ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే బేరింగు మీద కూడా అదనపు ఒత్తిడి పడుతుంది.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుని ఇంజను బలంగా తోస్తున్నప్పుడు, ఎక్కడో ఒకచోట ఆ బలం తీరాలి. సరైన క్లచ్ అయితే ఆ క్షణంలో కొద్దిగా జారి, మిగిలిన భాగాలను కాపాడుతుంది. ఇంటి విద్యుత్తులో ఫ్యూజు చేసే పని అదే. ఎన్నటికీ జారని క్లచ్ వేస్తే, విరిగేది గేర్ పళ్ళో, యాక్సిలు షాఫ్టో అవుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ఒక గొలుసులో ఒక్క కడియాన్ని బలపరిస్తే గొలుసు బలపడదు. తెగే చోటు మాత్రమే మారుతుంది.

తగినదాని ఎంపిక

ఇంతవరకు తెలుసుకున్న విషయాలను ఒకచోట చేర్చి చూద్దాం. కంపెనీ టైర్లతో, మనుషులనూ సరుకులనూ చేరవేస్తూ నిత్యం మన్యం దారులలో తిరిగే డీజిల్ జీపుకు, నిర్మాత సూచించిన కొలతల ఆర్గానిక్ ప్లేటు, దానికి తగిన ప్రెషర్ ప్లేటు ఉత్తమం. పెద్ద టైర్లు, అదనపు బరువు ఉన్న బండికి అదే ఆర్గానిక్ జాతిలో స్ప్రింగు బలం పది నుంచి ఇరవై శాతం ఎక్కువగా ఉన్న జోడీ సరిపోతుంది. నిదానంగా, నేర్పుగా నడిపే యజమాని మన్నిక కోరుకుంటే కెవ్లార్‌ను పరిశీలించవచ్చు. ఇంజను బలాన్ని బాగా పెంచి పోటీలకు దించే బండికి మాత్రమే సిరామిక్ అవసరం. అవసరాన్ని మించిన వస్తువు ఆభరణం కాదు, భారం.

కొనేటప్పుడు ప్లేటు వ్యాసం, మధ్య రంధ్రంలోని పళ్ళ సంఖ్య, ప్రెషర్ ప్లేటు బోల్టు రంధ్రాల అమరిక పాతదానితో సరిపోల్చాలి. ఒకే పేరున్న వాహనంలోనే సంవత్సరాన్ని బట్టి, ఇంజనును బట్టి ఈ కొలతలు మారుతుంటాయి. ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకుందామనే ఆలోచన మంచిది కాదు. క్లచ్ మార్చాలంటే గేర్ బాక్సునూ, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి దానితో పాటు ట్రాన్స్‌ఫర్ కేసునూ దించాలి. ప్లేటు మార్చినా, మొత్తం మార్చినా ఆ కూలి ఒక్కటే. నెల తిరగకముందే రిలీజ్ బేరింగు అరిగితే మళ్ళీ అదే కూలి. అందుచేత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడింటినీ కలిపి మార్చడం, క్రాంక్‌షాఫ్టు చివరనున్న చిన్న పైలట్ బేరింగును, నూనె సీలును అప్పుడే పరీక్షించడం దూరదృష్టి. ఫ్లైవీలు మీద గీతలు, నీలి మచ్చలు ఉంటే నిర్మాత అనుమతించిన మేరకు లేతు మీద సాపు చేయించాలి. కొన్ని కొత్త డీజిల్ వాహనాలలో ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీలుకు ఈ పద్ధతి పనికిరాదు. దానిని విడిగా పరీక్షించవలసిందే.

నకిలీ సరుకు బెడద కూడా లేకపోలేదు. పెట్టె మీది పేరును మాత్రమే నమ్మక, బిల్లు ఇచ్చే నమ్మకమైన దుకాణంలో కొనాలి. పాత ప్లేటుకు లైనింగు వేయించి వాడడం మన షెడ్లలో ఉన్న అలవాటే. అత్యవసరానికి అది బండిని ఇల్లు చేర్చవచ్చు. కాని వంగిన ప్లేటుకు, చచ్చిన స్ప్రింగులకు కొత్త లైనింగు యౌవనం ప్రసాదించదు.

బిగించే చోట ఒక ఆరోగ్య సూత్రం గుర్తుంచుకోవాలి. పాతకాలపు లైనింగులలో రాతినార, అనగా ఆస్బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే క్యాన్సర్ కలిగిస్తుంది. అందుచేత పాత గూటిలోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి. షెడ్డులో పనిచేసే కుర్రవాడి ఊపిరి కూడా విలువైనదే.

వాడుకలోని వివేకం

కొత్త క్లచ్ కొత్త కోడలి వంటిది. ఇంట్లో ఒదగడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. మొదటి ఏడెనిమిది వందల కిలోమీటర్లు బరువులు లాగకుండా, ఎత్తుల మీద జారనివ్వకుండా నడిపితే లైనింగు ముఖమంతా సమంగా ఒదిగి పూర్తి పట్టు సంపాదిస్తుంది.

తరువాత పాటించవలసినవి కొన్ని అలవాట్లు మాత్రమే. ఎత్తు మీద ఆగినప్పుడు బండిని హ్యాండ్ బ్రేకుతో నిలపాలి, క్లచ్‌తో కాదు. నడిపేటప్పుడు పెడలు మీద పాదం ఆనించి ఉంచకూడదు. గెడ్డ దాటే ముందు నీటి లోతు చూసుకోవాలి. నీరు, బురద క్లచ్ గూటిలో చేరితే పట్టు జారుతుంది, తుప్పు పడుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కష్టమైన ఎత్తు కనబడగానే ఫోర్ వీల్ లో గేరు వేయాలి. ఈ గేరు చక్రాల వద్ద బలాన్ని కొన్ని బండ్లలో దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. అంటే మామూలు గేరులో 100 న్యూటన్ మీటర్లు మోయవలసిన క్లచ్, లో గేరులో 40 మోస్తే చాలు. ఎంతో వెచ్చించి కొన్న గట్టి క్లచ్ ఇవ్వలేని రక్షణను, బండిలో మొదటి నుంచీ ఉన్న ఆ చిన్న మీట ఉచితంగా ఇస్తుంది.

దిగేటప్పుడు కూడా క్లచ్ విలువ తక్కువ కాదు. ఘాట్ దిగే బండిని సగం ఆపేది ఇంజనే. క్లచ్ జారితే ఆ ఆధారం తప్పిపోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎక్కలేని బండి ఆగిపోతుంది. దిగలేని బండి ఆగదు. కాబట్టి "ఇంకొక్క నెల నడిపిద్దాం" అనుకొనే ముందు వెనుక సీట్లో కూర్చున్నవారిని ఒకసారి తలచుకోవాలి.

ఉపసంహారం

క్లచ్ కథ ఒక యంత్రభాగం కథ మాత్రమే కాదు. పట్టుకోవలసిన చోట పట్టుకోవడం, వదలవలసిన చోట వదలడం, రెంటికీ నడుమ కుదుపు లేకుండా సర్దుకోవడం దాని ధర్మం. దానిని ఎంచుకొనేవారికి కావలసినది కూడా అదే సమతౌల్యం: అతి చవకకు లొంగకుండా, అతి బలానికి మురిసిపోకుండా, అవసరాన్ని కొలిచి చూసే దృష్టి. ఆ దృష్టితో ఎంచుకున్న క్లచ్ ఉన్న జీపు, వాన కురిసే రాత్రి, డోలీ దించిన చోట నుంచి కదిలి ఎత్తు ఎక్కుతుంది. లోపల ఉన్న రోగికి గాని, ఆమె చేయి పట్టుకున్న తల్లికి గాని క్లచ్ అనే వస్తువు ఒకటి ఉన్నదని తెలియదు. తెలియవలసిన అవసరం రాకపోవడమే ఆ ఎంపిక సఫలమైందనడానికి నిదర్శనం.

కఠిన పదాలకు అర్థాలు

మన్యం = అడవులతో కూడిన కొండప్రాంతం
గెడ్డ = కొండవాగు
భ్రమణ బలం = తిప్పే శక్తి, టార్కు
ఘర్షణ = ఒరిపిడి, రాపిడి
విషవలయం = ఒక కీడు మరొక కీడుకు దారితీస్తూ తిరిగి మొదటికే వచ్చే స్థితి
పరిపాటి = అలవాటు, వాడుక
సమతౌల్యం = హెచ్చుతగ్గులు లేని స్థితి
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.

1. క్లచ్ పనిచేసే తీరును, దానికి వేడి శత్రువు ఎట్లా అవుతుందో వివరించండి.
2. లైనింగులలోని రకాలను పోల్చి, మన్యం దారులలో తిరిగే జీపుకు ఏది తగినదో కారణాలతో తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదారు వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. క్లచ్ మార్చే ముందు రోగ నిర్ధారణ ఎందుకు అవసరం?
2. "తెగే చోటు మాత్రమే మారుతుంది" అన్న మాటను సందర్భసహితంగా వివరించండి.
3. ప్లేటుతో పాటు ఇతర భాగాలను కూడా మార్చడం ఎందుకు దూరదృష్టి అనిపించుకుంటుంది?

ఇ) కింది ప్రశ్నలకు ఒక్క వాక్యంలో సమాధానాలు రాయండి.

1. బ్రేకు లైనింగుల తయారీకి 1897లో శ్రీకారం చుట్టినది ఎవరు?
2. ఎత్తు మీద ఆగినప్పుడు బండిని దేనితో నిలపాలి?
3. పాత క్లచ్ గూటిలోని దుమ్మును ఎట్లా తొలగించాలి?